పలక నలుపులో దాగిన వేడి

మార్కాపురం పేరు వింటే లక్ష్మీ చెన్నకేశవస్వామి గుడిని తలుచుకునేవాళ్లున్నారు. అంతకన్నా ఎక్కువమందికి పలక గుర్తొస్తుంది. చెక్క ఫ్రేములో బిగించిన నల్లరాతి పలక, వేళ్ల మధ్య బలపం ముక్క, పైన పంతులుగారు రాసిచ్చిన ఒరవడి. రెండు మూడు తరాల తెలుగు పిల్లల చదువు అక్కడే మొదలైంది. నల్లమలకు తూర్పున, వానలు తప్పితే దిక్కులేని పడమటి ప్రకాశానికి పంటల కన్నా రాయే ఎక్కువ పేరు తెచ్చింది.

ఆ రాతి నలుపు వెనక పెద్ద కథే ఉంది. నల్ల పలకరాళ్లకు ఆ రంగు ఎక్కువగా కర్బనం వల్ల వస్తుంది. ఆ కర్బనం ఒకప్పుడు బతికున్న పదార్థం. భూమి లోపలి వేడికి మాగి మాగి నల్లబడింది. ఎంత వేడికి మాగిందో ఇవాళ కాంతితో చదవొచ్చు. 1928లో కలకత్తాలో బయటపడిన రామన్ ఫలితం అందుకు సాధనం. ప్రయోగశాలల్లో కర్బన నానోగొట్టాలను కొలిమిలో వేడిచేసి, అవి ఎంత చక్కబడ్డాయో తేల్చేదీ ఇదే పద్ధతితో. కొండ కింద వేగిన మట్టినీ, వెంట్రుక మందంలో వేల వంతు ఉండే గొట్టాన్నీ ఒకే గీతల జతతో కొలవడం వింతగా అనిపించవచ్చు. రెండింటిలో ఉన్నదీ కర్బనమే, రెండింటికీ జరిగిందీ వేడి చేయడమే.

ముందు ఊరి సంగతి. మార్కాపురం, కంభం, గిద్దలూరు సీమ 1800లో నిజాము నుంచి ఈస్టిండియా కంపెనీకి దత్తమైన భూభాగంలోది. తొలుత కడప కలెక్టరు కింద ఉండేది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, కంభం తాలూకాలు అందులో చేరాయి. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ఒంగోలు జిల్లా పుట్టింది. ఈ పడమటి తాలూకాలు అప్పుడు కర్నూలును వదిలి ఇటు వచ్చాయి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. ఇలా పాలన ఎన్ని చేతులు మారినా ఇక్కడి మాటలో, తిండిలో, రాతిలో రాయలసీమ పోలిక పోలేదు.

పలకరాయి బడుల్లోకి రాకముందు పిల్లలు దేనిమీద రాసేవాళ్లు? దీనికి పక్క జిల్లా నుంచి మంచి సాక్ష్యం ఉంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీ బడుల మీద విచారణకు ఉత్తరువిచ్చాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో తన నివేదిక పంపాడు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన క్యాంప్‌బెల్ ఇతనే. కనుక బడి లోపల ఏం జరుగుతోందో కాస్త దగ్గరగానే చూశాడు. తన జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారని లెక్క చెప్పాడు. పిల్లలు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతారు. ఆ తర్వాత రాతకు రెండు రకాల నల్లటి సాధనాలు ఉంటాయని రాశాడు. ఒకటి నున్నగా చిత్రికపట్టిన చెక్క. దాని మీద అన్నంతో కలిపిన బొగ్గుపొడి పూస్తారు. రెండోది గంజిపెట్టి బిగిసేలా చేసి, పుస్తకంలా మడతలు పెట్టిన బట్ట. దానికి బొగ్గు, జిగురు కలిపి పట్టిస్తారు. రాసేది బలపంతో, చెరిపేది తడిగుడ్డతో.

అంటే రాతి పలక రాకముందే బడిలో కర్బనం ఉంది. పొయ్యిలో కాలిన కట్టె బొగ్గు, చెక్క మీదికెక్కి, తెల్లటి బలపం గీతను ఎత్తిచూపింది. వెనక వచ్చిన రాతి పలక చేసిన పనీ అదే, కాకపోతే ఆ నలుపును పూయాల్సిన పని లేదు. భూమి ముందే వేసిపెట్టింది.

ఈ రాయికి లోకంలో పేరు పెట్టినవాడు విలియం కింగ్. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉద్యోగిగా కడప, కర్నూలు రాతి శ్రేణుల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1872లో వెలువడింది. నల్లమల రాళ్లను ఆయన రెండుగా విడదీశాడు. కింది భాగం బైరెన్‌కొండ క్వార్ట్‌జైట్లు, పై భాగం కంభం పలకరాళ్లు. భూగర్భ శాస్త్రం చదివేవాళ్లు నేటికీ ఆ పైపొరల్ని ‘కంభం ఫార్మేషన్’ అంటారు. గుండ్లకమ్మకు అడ్డంగా రాయల కాలంలో కట్టారని చెప్పుకునే చెరువు వల్ల కంభం అప్పటికే పేరున్న ఊరు. కింగ్ పుణ్యమా అని ఆ పేరు రాతి పుస్తకాల్లోకీ ఎక్కింది. మార్కాపురం పలక అమ్మింది, కంభం పేరు నిలిచింది. పొరుగూళ్ల మధ్య ఈ పంపకం ఎవరికీ నష్టం చేయలేదు.

పలకరాయి ఎలా పుడుతుంది? మొదట అది బురద. నిలకడ నీళ్ల అడుగున సన్నటి బంకమన్ను పొరలు పొరలుగా పేరుకుంటుంది. నీళ్లలో బతికి చచ్చిన సూక్ష్మజీవుల మిగులు దాంతో కలుస్తుంది. నల్లమల బురద పేరుకున్న కాలంలో చెట్లు లేవు, చేపలు లేవు, నేలమీద పచ్చగడ్డి కూడా లేదు. ఉన్న జీవం దాదాపు అంతా కంటికి కనబడనిదే. పైన ఇంకా మట్టి పడుతున్నకొద్దీ కిందిది లోతుకు దిగుతుంది, వేడెక్కుతుంది. మామూలు నేలలో కిలోమీటరు లోతుకు 25, 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. తర్వాత పక్కల నుంచి ఒత్తిడి వచ్చి నేల ముడతలు పడుతుంది. నల్లమల వరసలు అలా ముడతపడి లేచినవే. ఆ ఒత్తిడికి మట్టిలోని అభ్రకం లాంటి రేకు ఖనిజాలన్నీ ఒకే వాటంలో సర్దుకుంటాయి. అందుకే పలకరాయి ఉలి ఆనించి కొడితే రేకులుగా విడిపోతుంది. ఆ రేకులు తరచూ బురద పేరుకున్న పొరల వెంట కాక, ఒత్తిడి నిర్ణయించిన వాటంలో విడతాయి. క్వారీలో పనిచేసేవాళ్లకు ఇది పుస్తకం చెప్పక్కర్లేదు. రాయి ఎటు విడుతుందో చూపుతోనే చెబుతారు.

వయసు చెప్పేందుకూ ఇక్కడే ఒక గుర్తుంది. గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే రైలు దిగువమెట్ట దాటి అడవిలోకి దిగాక చెలమ అనే స్టేషన్ వస్తుంది. ఆ చుట్టుపక్కల నల్లమల రాళ్లను చీల్చుకుని లాంప్రోయిట్ అనే అరుదైన రాయి కిందినుంచి పైకి చొచ్చుకొచ్చింది. దాని వయసు సుమారు 140 కోట్ల ఏళ్లని ఆర్గాన్ పద్ధతిలో తేల్చారు. చీల్చిన రాయి కన్నా చీలిన రాయి పాతదవ్వాలి కదా. కనుక నల్లమల పలకరాయి అంతకు మించిన ముసలిది. బడిపిల్లాడు సంచిలో వేసుకుని తిరిగింది 140 కోట్ల ఏళ్లు దాటిన సముద్రపు బురద.

ఆ రైలుదారికి పలకల కథలో వాటా ఉంది. గుంతకల్లు, నంద్యాల మీదుగా గుంటూరు, బెజవాడల వైపు మీటర్‌గేజి లైను 19వ శతాబ్దం చివర్లో నల్లమలను దాటింది. బొగద దగ్గర సొరంగం తవ్వారు. దొరబావి లోయ మీద ఎత్తైన ఇనప వంతెన కట్టారు. 1990ల్లో బ్రాడ్‌గేజి వచ్చాక పాత వంతెన అడవిలో ఒంటరిగా మిగిలింది. అంత బరువైన రాయిని దూరపు బజార్లకు పంపాలంటే ఎద్దుబండి వల్ల కాదు. రైలుంటేనే ఇలాంటి సరుకు ఊరు దాటి నాలుగు రాష్ట్రాలు చూస్తుంది.

ఇరవయ్యో శతాబ్దంలో మార్కాపురం పలకల ఊరయ్యింది. క్వారీలో పైమట్టి, పనికిరాని రాయి తీసేశాక పనికొచ్చే పొర కనబడుతుంది. దిమ్మెలు దిమ్మెలుగా లేపి, ఉలీ సుత్తీతో పొరలు విడదీస్తారు. నేలలోంచి తీసిన కొత్తలో, చెమ్మ ఆరకముందు, రాయి మాట వింటుంది. ఎండకు ఎండాక మొండికేస్తుంది. విడిన రేకుల్ని కొలతకు కోస్తారు, అరగదీసి నునుపు చేస్తారు, చెక్క ఫ్రేములు బిగిస్తారు. ఫ్యాక్టరీలలో ఆడవాళ్ల చేతులే ఎక్కువ. తవ్వినదాంట్లో చాలా భాగం పలకకు పనికిరాదు. ఊరి చుట్టూ దిబ్బలుగా పడి ఉన్నది ఆ వ్యర్థమే.

ఆ దిబ్బల కన్నా పెద్ద సంగతి దుమ్ము. పలకరాయిలో క్వార్ట్జ్, అంటే సిలికా ఉంటుంది. పొడిగా కోసినప్పుడు, అరగదీసినప్పుడు లేచే సన్నటి పొడి ఊపిరితిత్తుల్లో దిగి మచ్చలు కట్టిస్తుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. తిరిగి బాగుచేసే మందు లేదు. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పలక బలపాలు కోసే కార్మికుల మీద అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ 1980ల్లో చేసిన అధ్యయనం ఈ జబ్బు ఎంత విస్తారంగా ఉందో దేశానికి చూపింది. పరీక్షించినవాళ్లలో సగం మందికి పైగా దాని బారిన పడ్డారు. రాయి కోసే ఊరు ఏదైనా ఈ నష్టం వెంటాడుతుంది. నీళ్లు చల్లుతూ కోయడం, దుమ్మును లాగేసే గొట్టాలు పెట్టడం వల్ల దాన్ని చాలావరకు ఆపవచ్చు. పలకల చరిత్ర రాసేటప్పుడు అక్షరాల గొప్పతనం చెప్పి, ఆ పలక చేసిన మనిషి దగ్గును వదిలేస్తే అది సగం చరిత్రే.

ఇక నలుపు లోపలికి వెళ్దాం. బతికున్న పదార్థంలో కర్బనంతో పాటు హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్ కలిసి ఉంటాయి. వేడి తగిలినకొద్దీ ఇవి ఆవిరులుగా, వాయువులుగా వెళ్లిపోతాయి. మిగిలిన కర్బనపు పరమాణువులు ఆరేసి చొప్పున వలయాలు కట్టి, వలయాలు కలిసి చిన్న చిన్న రేకులై, ఆ రేకులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఇంకా వేడి, ఒత్తిడి, కాలం తోడైతే రేకులు పెద్దవై చివరికి గ్రాఫైట్ అవుతుంది. పెన్సిల్ ముల్లులో ఉన్నది అదే. ఈ దారి ఒక వైపే నడుస్తుంది. చల్లారాక కర్బనం వెనక్కి తిరిగి చిందరవందర కాదు. అందుకే రాతిలోని కర్బనం ఆ రాయి చూసిన గరిష్ఠ వేడిని గుర్తుపెట్టుకుంటుంది.

ఆ గుర్తును చదివే పద్ధతి ఎక్కడ పుట్టిందో అందరికీ తెలుసు. చంద్రశేఖర వెంకట రామన్ పుట్టింది తిరుచిరాపల్లిలో అయినా, చిన్నతనం గడిచింది విశాఖపట్నంలో. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీలో అధ్యాపకుడు. రామన్ సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ ముగించాడు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో ఆయన, కె.ఎస్. కృష్ణన్ చూసింది ఇది: ఒకే రంగు కాంతి పదార్థం మీద పడి చెదిరినప్పుడు, అందులో అతి కొద్ది భాగం రంగు మార్చుకుని బయటికొస్తుంది. పదార్థంలోని అణువులు కదలాడే తీరును బట్టి ఆ మార్పు ఉంటుంది. కాంతి కొంత శక్తిని అణువుల కదలికకు ఇచ్చి వస్తుంది. ఎంత ఇచ్చిందో కొలిస్తే లోపల ఏ బంధం ఎలా కదులుతోందో తెలుస్తుంది. 1930లో రామన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

కర్బనాన్ని ఈ వెలుగులో మొదట చూసినవాళ్లలో ఒక తెలుగువాడున్నాడు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి రామన్ దగ్గర చేరాడు. 1930లోనే వజ్రపు రామన్ వర్ణపటాన్ని అధ్యయనం చేశాడు. వజ్రమూ కర్బనమే. దానికి ఒకే ఒక పదునైన గీత వస్తుంది, సెంటీమీటరుకు 1332 అనే కొలత దగ్గర. పరమాణువులన్నీ ఒకే రకంగా, గట్టిగా బిగిసి ఉండడం వల్లే గీత అంత శుభ్రంగా ఉంటుంది. తర్వాత భగవంతం ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతిక శాస్త్రం బోధించాడు. కాంతి చెదురుపాటు, రామన్ ఫలితం గురించి ఆయన రాసిన ఇంగ్లిషు గ్రంథం 1940లో వాల్తేరు నుంచే వచ్చింది. తి. వెంకటరాయుడితో కలిసి స్ఫటికాల సౌష్ఠవ గణితం మీద ఇంకో గ్రంథం రాశాడు. ఏ స్ఫటికానికి ఎన్ని రామన్ గీతలు రావాలో ముందుగానే లెక్కగట్టే విద్య అది. వజ్రాల గనులకు పేరుపడ్డ బనగానపల్లె నల్లమలకు అవతలి వైపే ఉండటం ఒక చక్కని కలయిక. కొండకు పడమట వజ్రం, తూర్పున పలక. రెండిట్లోనూ కర్బనమే.

అప్పట్లో ఒక గీత ఫొటో ప్లేటు మీద పడాలంటే పాదరసపు దీపం వెలుగులో గంటల తరబడి కూర్చోవాలి. నల్లటి పదార్థాలతో ఇంకా కష్టం, అవి కాంతిని మింగేస్తాయి. 1960లో లేజర్ వచ్చాకే నలుపు లోపలికి చూపు దిగింది. 1970లో టూయిన్‌స్ట్రా, కోనిగ్ అనే ఇద్దరు గ్రాఫైట్ మీద లేజర్ వేసి ప్రసిద్ధమైన ఫలితం ప్రకటించారు. చక్కటి గ్రాఫైట్ స్ఫటికానికి 1580 దగ్గర ఒకే గీత వచ్చింది. రేకులు చిన్న చిన్న ముక్కలుగా ఉన్న గ్రాఫైట్‌కు 1350 ప్రాంతంలో రెండో గీత తోడైంది. ముక్కలు ఎంత చిన్నవైతే రెండో గీత అంత ఎత్తు లేచింది. మొదటిదాన్ని జి అనీ, రెండోదాన్ని డి అనీ పిలుస్తున్నారు. జి గ్రాఫైట్ గుర్తు, డి లోపాల గుర్తు. కర్బనంతో పనిచేసేవాళ్లు ప్రపంచంలో ఎక్కడున్నా పొద్దున లేస్తే చూసేది ఈ రెండింటి ఎత్తునే.

నానోగొట్టాలు ఈ రంగంలోకి వచ్చింది 1991లో, జపాన్‌కు చెందిన సుమియో ఇజిమా పరిశోధనతో. గ్రాఫైట్ రేకును చుట్టి గొట్టం చేసినట్టుండే నిర్మాణాలవి. ఒకే పొర గొట్టాలు 1993లో దొరికాయి. 1997లో ‘సైన్స్’ పత్రికలో వాటి రామన్ వర్ణపటం మీద వచ్చిన వ్యాసం చాలామందికి దారి చూపింది. అందులో మొదటి పేరు అప్పారావు ఎం. రావుది. లేజర్ రంగు మారిస్తే వేరే వ్యాసం ఉన్న గొట్టాలు స్పందిస్తాయని ఆ పరిశోధన చూపింది. ఒకే పొర గొట్టానికి ఇంకో ప్రత్యేక గీత ఉంది. గొట్టమంతా ఊపిరి పీల్చి వదిలినట్టు ఉబ్బి తగ్గే కదలిక నుంచి అది వస్తుంది. గొట్టం లావైతే ఆ గీత కిందికి దిగుతుంది. కనుక దాన్ని చూసి వ్యాసం లెక్కగట్టొచ్చు.

తయారైన గొట్టాలు శుభ్రంగా ఉండవు. 600 నుంచి 900 డిగ్రీల మధ్య వాయువుల నుంచి పెంచిన బహుళ పొర గొట్టాల్లో లోపాలెన్నో. ఇనుము లాంటి ఉత్ప్రేరకపు రేణువులు ఇరుక్కుని ఉంటాయి, బయట పొడి కర్బనం అంటుకుని ఉంటుంది. గాలిలో నాలుగైదు వందల డిగ్రీలకు వేడి చేస్తే పొడి కర్బనం ముందు కాలిపోతుంది. అంతకు మించితే గొట్టాలే కాలిపోతాయి. ఆక్సిజన్ లేకుండా, ఆర్గాన్ నింపిన కొలిమిలో 2000, 2800 డిగ్రీల దాకా తీసుకెళితే కథ మారుతుంది. ఇనుము ఆవిరై పోతుంది, వంకర పొరలు నిటారుగా సర్దుకుంటాయి. రామన్‌లో డి గీత పొట్టిదవుతుంది, జి సన్నబడి పదునెక్కుతుంది. ఒకే పొర గొట్టాలకు మాత్రం అంత వేడి పడదు. 1400 డిగ్రీలు దాటాక పక్కపక్క గొట్టాలు కలిసిపోయి రెట్టింపు లావు గొట్టాలవడం 1990ల చివర్లోనే గమనించారు. ఇంకా పైకి పోతే అవి బహుళ పొర గొట్టాలుగా మారిపోతాయి. ఊపిరి గీత ఎక్కడుందో చూస్తే ఈ మార్పంతా తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే చాలామంది తడబడేది దీని దగ్గరే. డి గీత తగ్గితే పదార్థం బాగుపడినట్టే అని అన్నిచోట్లా అనుకోకూడదు. ఇప్పటికే గ్రాఫైట్ వలె అమరిన పదార్థానికే ఆ నియమం వర్తిస్తుంది. క్యాంప్‌బెల్ చూసిన చెక్క పలక మీది కట్టె బొగ్గును తీసుకుందాం. తక్కువ వేడికి కాలిన బొగ్గులో వలయాలే సరిగా ఏర్పడలేదు, డి గీత బలహీనం. ఇంకా వేడి చేస్తే వలయాలు పెరుగుతాయి, డి గీత పెరుగుతుంది. చాలా దూరం వెళ్లాకే తగ్గడం మొదలవుతుంది. ఒకే గీత ఒక చోట కుదురుకు, ఇంకో చోట కుదురు లేమికి సాక్ష్యం చెబుతుంది. సాక్షిని ప్రశ్నించే ముందు ఆ సాక్షి ఎక్కడ నిలబడ్డాడో తెలుసుకోవాలి.

రాతికి ఈ పద్ధతిని కొలమానంగా మలిచింది ఫ్రాన్సు భూగర్భ శాస్త్రవేత్త ఒలివియే బెసాక్, ఆయన సహచరులు. 2002లో వాళ్లు ఒక సూత్రం ఇచ్చారు. డి, జి గీతల విస్తీర్ణాల నిష్పత్తి తీసి, దాన్నుంచి రాయి చూసిన గరిష్ఠ వేడిని 330 నుంచి 650 డిగ్రీల మధ్య సుమారు 50 డిగ్రీల తేడాతో చెప్పొచ్చు. పలకరాయి మామూలుగా పుట్టే వేడి 200, 350 డిగ్రీల మధ్య ఉంటుంది. అంటే కంభం పలకరాయి లాంటివి ఈ సూత్రపు అంచున, లేదా దానికి కింద పడతాయి. అలాంటి తక్కువ వేడి రాళ్ల కోసం తర్వాత వేరే కొలమానాలు వచ్చాయి. వాటిలో గీతల ఎత్తుతో పాటు వెడల్పునూ చూస్తారు.

కొలవడంలో చెయ్యి తిరగాలి. రాతిని మెరుగుపెడితే పైనున్న కర్బనం నలిగి, లేని లోపాలు పుడతాయి. అందుకే పలుచగా కోసిన రాతి పొరలో, పారదర్శకమైన క్వార్ట్జ్ రేణువు కింద దాక్కున్న కర్బనం మీద లేజర్ పెట్టాలి. పైనున్న క్వార్ట్జ్ దానికి అద్దపు మూత. లేజర్ శక్తి ఎక్కువైతే ఆ చుక్కే వేడెక్కి గీత పక్కకు జరుగుతుంది. నానోగొట్టాలతోనూ ఇదే తంటా. వేడి చరిత్ర చదవబోయి కొత్త వేడి పెట్టకూడదు. ఒక్క చుక్క చాలదు కూడా. ఒకే రాయిలో కొట్టుకొచ్చిన పాత గ్రాఫైట్ రేణువులు కలిసి ఉండొచ్చు, కనుక పదిహేను ఇరవై చోట్ల కొలిచి సరిచూస్తారు.

కొలిమికీ కొండకూ మధ్య తేడా ఇక్కడే తేలుతుంది. బొగ్గును గ్రాఫైట్‌గా మార్చడానికి ఎడ్వర్డ్ అచెసన్ 1896లో పేటెంటు పొందిన విద్యుత్ కొలిమికి 2500 డిగ్రీలు దాటిన వేడి కావాలి. భూమి అదే పనిని నాలుగైదు వందల డిగ్రీలతో ముగిస్తుంది. దాని దగ్గర లక్షల ఏళ్ల కాలం ఉంది, పక్కల నుంచి రాళ్లను రాపాడించే ఒత్తిడి ఉంది. ఆ ఒరిపిడికి కర్బన రేకులు ఒక వాటానికి వస్తాయి. పలక రేకులుగా విడిపోయేలా చేసిన ఒత్తిడీ అదే. అలా చూస్తే మార్కాపురం ఉలి వాటమూ రామన్ గీతల వాటమూ ఒకే సంఘటన మిగిల్చిన రెండు జాడలు.

ఈ రాళ్ల లోపలికి వెళ్లే సందర్భాలు ఈ సీమలో తక్కువేమీ కాదు. పూల సుబ్బయ్య పేరు పెట్టిన వెలిగొండ ప్రాజెక్టు కోసం శ్రీశైలం జలాశయం దగ్గర కొల్లంవాగు నుంచి దోర్నాల వైపు జంట సొరంగాలు తవ్వారు. ఒక్కొక్కటి 18 కిలోమీటర్లు దాటిన పొడవు. నల్లమల పొట్టను అడ్డంగా కోసిన అలాంటి దారిలో అడుగడుగునా రాయి తీసి కొలిస్తే, ముడత ఎక్కడ బిగిసిందో, వేడి ఎటు పెరిగిందో ఒక పటం తయారవుతుంది. నీటికోసం తవ్విన సొరంగంలో భూమి చరిత్ర కూడా ఉంది. తవ్విపోసిన రాతిని రోడ్లకూ కట్టలకూ వాడేముందు కొన్ని ముక్కలు విశ్వవిద్యాలయాల అరల్లో చేరితే బాగుంటుంది. మార్కాపురం క్వారీ దిబ్బలకూ ఇదే వర్తిస్తుంది. మూసుకుపోయిన క్వారీలోంచి రేపు నమూనా కావాలంటే దొరకదు.

క్వారీలు మూతపడటం ఊహ కాదు. ముందు రేకు పలకలు, ఆ వెనకే ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. అవి కిందపడితే పగలవు, బరువుండవు, చవక. తర్వాత నోటుపుస్తకం ఒకటో తరగతికే వచ్చేసింది. రాతి పలక అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో, బియ్యం పక్కన మిగిలింది. మార్కాపురం పూర్తిగా చేతులు ముడుచుకోలేదు. అదే రాయిని నేలకు, గోడలకు, ఇంటి కప్పులకు వేసే డిజైన్ స్లేట్లుగా కోసి విదేశాలకు పంపడం నేర్చింది. నల్లటిదే కావాలన్న పట్టింపు పోయి, ఆకుపచ్చ, గోధుమ, పలు రంగుల చారలున్న రాయికీ గిరాకీ వచ్చింది. ఒకప్పుడు పలకకు పనికిరాదని పారేసిన రంగు ఇప్పుడు సరుకయింది. ఆకుపచ్చ క్లోరైట్ అనే ఖనిజం వల్ల, ఎరుపు గోధుమ రంగులు ఇనుప ఆక్సైడ్ల వల్ల వస్తాయి.

ఈ ఎగుమతి వ్యాపారంలో కర్బనం మళ్లీ తలెత్తుతుంది. ఐరోపాలో ఇంటి కప్పుకు వాడే పలకరాయికి ఈఎన్ 12326 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం రాయిలో కార్బొనేట్ కాని కర్బనం 2 శాతం దాటకూడదు. ఎక్కువైతే ఎండకూ వానకూ మంచుకూ రాయి త్వరగా పాడవుతుందన్న భయం. అందుకే కప్పు రాయి అమ్మేవాళ్లు నమూనాను పరీక్షకు పంపి, కర్బనం శాతం, నీటిని పీల్చే గుణం, వంపును తట్టుకునే బలం రాయించుకుంటారు. ఆ పరీక్షలో రాయిలో కర్బనం ఎంతుందో తేలుతుంది. అది ఎంత వేడికి మాగిందో ఆ పత్రంలో ఉండదు, దానికి గడి లేదు. అదే నమూనాలోంచి గోరంత ముక్క లేజర్ కిందికి వెళితే కొద్ది నిమిషాల్లో రెండు గీతలూ వచ్చేస్తాయి.